నల్లమల మీది చంద్రుడు ఎంతవాడు?

ప్రతి పున్నమికీ ఒకేలా కనిపించే బింబం నిజానికి ఏడోవంతు దాకా పెరిగి తగ్గుతుంది. కంటికి దొరకని ఆ తేడా మన ఇంటి గోడ మీది పంచాంగంలో అంకెలుగా ఉంది.

శిరివెళ్లలో చంద్రుడు కొండ మీంచి వస్తాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఎక్కడ నిలబడినా తూర్పున నల్లమల బారుగా పరుచుకుని ఉంటుంది. పడమట కుందూ లోయ, దానికవతల ఎర్రమల. పున్నమి సాయంత్రం ఇటు పొద్దు గుంకే వేళకు అటు కొండ గీత వెనక ఆకాశం తెల్లబారుతుంది. కాసేపటికి చెట్ల తలల మీదుగా బింబం తేలుతుంది. 2025 నవంబర్ 5, కార్తీక పౌర్ణమి నాడు అలా వచ్చిన చంద్రుడు ఆ ఏడాది పున్నములన్నింటిలోకీ మనకు దగ్గరివాడు. సాయంత్రం 6.49కి పౌర్ణమి పూర్తయింది. అప్పటికి చంద్రుడికీ మనకూ మధ్య దూరం 3,57,000 కిలోమీటర్లకు కాస్త లోపల. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో ఇంకొంచెం దగ్గరికొచ్చి, మళ్లీ దూరం జరగడం మొదలుపెట్టాడు.

టీవీలన్నీ ఆ రోజు సూపర్ మూన్ అన్నాయి. 14 శాతం పెద్దగా, 30 శాతం కాంతివంతంగా కనిపిస్తాడని చెప్పాయి. ఆ అంకెల్లో తప్పు లేదు. అయితే దేనికన్నా పెద్ద అన్న మాట చాలాచోట్ల జారిపోయింది. ఆ 14 శాతం చంద్రుడు అందరికన్నా దూరంగా ఉండే పున్నమితో పోల్చినప్పటి లెక్క. మామూలు పున్నమితో పోలిస్తే తేడా అందులో సగమే. సూపర్ మూన్ అన్న పేరు కూడా ఖగోళ శాస్త్రజ్ఞులు పెట్టింది కాదు. 1979లో రిచర్డ్ నోల్ అనే అమెరికా జ్యోతిష్కుడు పెట్టాడు, పత్రికలు అందుకున్నాయి.

ఆ సాయంత్రం కొండ వైపు చూసినవాళ్లు ‘ఈ పొద్దు ఎంత పెద్దగా ఉన్నాడో’ అని అనుకుని ఉంటారు. నెల తర్వాత పున్నమికీ అదే మాట అంటారు, ఎండాకాలం పున్నమికీ అదే అంటారు. దిగంతం దగ్గర చంద్రుడు ఎప్పుడూ పెద్దగానే అనిపిస్తాడు. కొండ, చెట్లు, కరెంటు స్తంభాలు పక్కన ఉంటే మన మెదడు ఆ బింబాన్ని వాటి సరసన పెట్టి చూసుకుంటుంది. సరిగ్గా ఏ కారణం వల్ల ఆ భ్రమ కలుగుతుందో శాస్త్రజ్ఞుల్లో ఇప్పటికీ ఒక్క మాట లేదు. భ్రమ అన్నదాంట్లో మాత్రం అందరిదీ ఒకే మాట. ఫోన్‌తో ఒకే జూమ్‌లో కొండ మీద ఉన్నప్పుడొక ఫొటో, నడిరేయి ఒక ఫొటో తీసి కొలిస్తే సరిపోతుంది.

కొలిస్తే ఇంకో విషయం బయటపడుతుంది. నడిరేయి చంద్రుడే నిజానికి కాస్త పెద్దవాడు. చంద్రుడు దిగంతంలో ఉన్నప్పటికన్నా నడినెత్తిన ఉన్నప్పుడు మనం అతనికి భూమి వ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కిలోమీటర్లు దగ్గరగా ఉంటాం. బింబం ఒకటిన్నర శాతానికి పైగా పెరుగుతుంది. ఇది అన్ని ఊళ్లకూ ఒకేలా దక్కదు. ఢిల్లీలో కార్తీక చంద్రుడు నడినెత్తికి చేరడు, లండన్‌లో మరీ పక్కకు ఉంటాడు. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న శిరివెళ్లలో మాత్రం ఆ రాత్రి అతను నెత్తికి అయిదారు డిగ్రీల దూరం నుంచే దాటిపోయాడు. ఏడాదిలో పెద్ద చంద్రుణ్ణి చూడాలనుకున్నవాళ్లు సాయంత్రం మిద్దె ఎక్కి, ఏడు గంటలకు దిగిపోయారు. అసలు పెద్ద చంద్రుడు అర్ధరాత్రి వాళ్ల మిద్దెకు దాదాపు సూటిగా పైన ఉన్నాడు.

అయినా పద్నాలుగు శాతమంటే ఎంత? జేబులోంచి ఒక రూపాయి బిళ్ల, ఒక రెండు రూపాయల బిళ్ల తీయండి. 2011లో వచ్చిన శ్రేణి నాణేల్లో రూపాయి వ్యాసం దాదాపు 22 మిల్లీమీటర్లు, రెండు రూపాయలది 25. రెండింటినీ రెండున్నర మీటర్ల దూరంలో గోడకు ఆనిస్తే చిన్నది దూరపు పున్నమి చంద్రుడంత, పెద్దది దగ్గరి పున్నమి చంద్రుడంత కనిపిస్తాయి. పక్కపక్కన ఉంటే చిన్నపిల్లలు కూడా ఏది పెద్దదో చెబుతారు. ఇవాళ ఒకటి చూపించి దాచేసి, ఏడు నెలల తర్వాత మరొకటి చూపిస్తే ఎవరూ చెప్పలేరు. చంద్రుడు మనకు చేసేది అదే.

దీర్ఘవృత్తమంటే కోడిగుడ్డు కాదు

చంద్రుడి కక్ష్య దీర్ఘవృత్తమని బడిలో చదువుకున్నాం. పాఠ్యపుస్తకంలో బొమ్మ కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఆ బొమ్మ చాలామంది బుర్రల్లో తప్పు ఊహను నాటింది. నిజానికి చంద్రుడి కక్ష్యను కాగితం మీద పది సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీస్తే, పొడవు వ్యాసార్ధానికీ పొట్టి వ్యాసార్ధానికీ తేడా మిల్లీమీటర్‌లో ఆరోవంతు కూడా రాదు. పెన్సిల్ గీత మందంలో అది కలిసిపోతుంది. కంటికి అచ్చమైన వృత్తమే. తేడా అంతా భూమి ఉన్న చోటులో ఉంది. భూమి ఆ వృత్తానికి నట్టనడుమ కాకుండా, మన బొమ్మలో అయిదున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల ఒక వైపు దగ్గర, ఎదుటి వైపు దూరం. చంద్రుడు పెద్దగా, చిన్నగా కనిపించడమంతా ఈ పక్కకు జరగడం చలవే.

సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అతి దగ్గర దాదాపు 3,56,400, అతి దూరం 4,06,700. ఆ మేరకు బింబం వెడల్పు 33.5 కళల నుంచి 29.4 కళల దాకా మారుతుంది. డిగ్రీలో అరవయ్యోవంతు ఒక కళ. ఈ చుట్టు పూర్తి కావడానికి ఇరవై ఏడున్నర రోజులు పడుతుంది. పున్నమి నుంచి పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఈ రెండు రోజుల తేడా వల్లే ప్రతి పున్నమీ దగ్గరి పున్నమి కాదు. చంద్రుడు నెలనెలా దగ్గరికొస్తూనే ఉంటాడు, కానీ ఒకసారి తదియ నాడు వస్తాడు, మరోసారి అష్టమి నాడు వస్తాడు. నిండు బింబంతో దగ్గరికొచ్చే యోగం సుమారు పద్నాలుగు పున్నములకోసారి కుదురుతుంది.

దీనికి సూర్యుడు కూడా చేయి వేస్తాడు. చంద్రుడి దగ్గరి కొస, దూరపు కొస సూర్యుడికి సూటిగా వచ్చినప్పుడు కక్ష్య ఇంకొంచెం పక్కకు జరుగుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు సర్దుకుంటుంది. అందుకే అష్టమి నాడు దగ్గరికొచ్చిన చంద్రుడు 3,70,000 దరిదాపుల్లోనే ఆగిపోతాడు. అతి దగ్గర, అతి దూరం రెండూ పున్నమికీ అమావాస్యకీ చెందినవే.

తిథి ఎందుకు సాగుతుంది, ఎందుకు కుంచించుకుపోతుంది

ఇంట్లో గోడ మీదున్న క్యాలెండర్ దగ్గరికెళ్లి ఒక నెల తిథులు వరసగా చూడండి. ఏకాదశి ప. 2.35 వరకు, ద్వాదశి ప. 1.10 వరకు అన్న తరహాలో ఉంటాయి. ఒక తిథి ముగింపు నుంచి తర్వాతి తిథి ముగింపు దాకా ఎన్ని గంటలో లెక్కేయండి. ఒకచోట 20 గంటలు, ఇంకోచోట 24, మరోచోట 26 గంటలు దాటుతుంది. ఎందుకింత తేడా అని అడిగేవాళ్లు తక్కువ. పండగ ఏ రోజు చేసుకోవాలో తగులు మిగులు వచ్చినప్పుడు మాత్రం ఊరంతా అడుగుతుంది.

తిథి అంటే కాలం కొలత కాదు, కోణం కొలత. చంద్రుడు సూర్యుడి కన్నా 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి అయినట్టు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా పరుగెత్తుతాడు, రోజుకు 15.4 డిగ్రీల దాకా. దూరంగా ఉన్నప్పుడు మందగిస్తాడు, రోజుకు 11.8 డిగ్రీలే. సూర్యుడి వంతు రోజుకు సుమారు ఒక డిగ్రీ తీసేస్తే, వేగంగా ఉన్న చంద్రుడు 12 డిగ్రీల ఎడాన్ని 20 గంటల్లో దాటేస్తాడు. మందగించిన చంద్రుడికి 26 గంటల 45 నిమిషాలు పడుతుంది. పొట్టి తిథి రెండు సూర్యోదయాల నడుమ పుట్టి, నడుమే పోతే తిథి క్షయం. పొడుగు తిథి రెండు సూర్యోదయాలనూ తాకితే తిథి వృద్ధి. ఈ క్షయవృద్ధులకు మూలం ముఖ్యంగా భూమి చంద్రుడి కక్ష్యకు నట్టనడుమ లేకపోవడమే.

ఇక్కడో చక్కటి లెక్క ఉంది. అతి వేగాన్ని అతి మందగతితో భాగిస్తే 1.3 వస్తుంది. అతిపెద్ద బింబాన్ని అతిచిన్న బింబంతో భాగిస్తే 1.14. దాన్ని దానితోనే గుణిస్తే 1.3! ఇది కాకతాళీయం కాదు. 1609లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యొహానెస్ కెప్లర్ గ్రహాలకు చెప్పిన రెండో నియమం చంద్రుడి విషయంలో కనిపించే తీరు ఇది. దూరం తగ్గిన కొద్దీ బింబం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కోణవేగం ఆ నిష్పత్తి వర్గంలో పెరుగుతుంది. అంటే బింబంలో కనిపించే తేడాకు రెట్టింపు తేడా తిథుల నిడివిలో కనిపిస్తుంది. కన్ను పట్టలేని దాన్ని పంచాంగం రెట్టింపు చేసి చూపిస్తోంది.

మన పూర్వులు ఈ సంగతి కనిపెట్టారు. చంద్రుడు బాగా మందగించే చోటుకు మందోచ్చ అని పేరు పెట్టారు. ఆ చోటు ఆకాశంలో స్థిరంగా ఉండక మెల్లగా తిరుగుతుందనీ తెలుసుకున్నారు. 43,20,000 ఏళ్ల మహాయుగంలో చంద్రుడి మందోచ్చ 4,88,203 సార్లు తిరుగుతుందని సూర్యసిద్ధాంతం చెబుతుంది. భాగిస్తే ఒక చుట్టుకు 8.85 ఏళ్లు. నేటి ఖగోళశాస్త్రం చెప్పే విలువ కూడా 8.85 ఏళ్లే. దూరదర్శిని లేని కాలంలో తరతరాలుగా రాత్రుళ్లు ఆకాశం చూసి, గుర్తుంచుకుని, లెక్కగట్టి సాధించిన అంకె అది. దీన్ని పుష్పక విమానాల కబుర్లతో కలిపేసి చెప్పేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ అంకెకు ఆ ఊతం అక్కర్లేదు.

గ్రహణం లెక్కగట్టేటప్పుడు చంద్రబింబం ఎంత ఉంటుందో చెప్పే సూత్రం కూడా సూర్యసిద్ధాంతంలో ఉంది. చంద్రుడి వ్యాసం 480 యోజనాలుగా తీసుకుని, ఆనాటి నిజమైన వేగంతో గుణించి, సగటు వేగంతో భాగించమంటుంది. వేగం పెరిగితే బింబం పెరుగుతుందన్న చూపు సరైనదే. కాకపోతే వేగం ఎంత పెరిగితే బింబమూ అంతే పెరుగుతుందని లెక్క వేసింది. అందులో సగమే పెరుగుతుందని తేలడానికి కెప్లర్ దాకా ఆగాల్సి వచ్చింది.

తిథి 60 ఘడియల నుంచి అయిదు పెరగవచ్చు, ఆరు తగ్గవచ్చని పాత పద్ధతి. ఒక ఘడియ 24 నిమిషాలు కనుక, తిథి 21 గంటల 36 నిమిషాల నుంచి 26 గంటల దాకా అన్నమాట. ఆకాశంలో ఉన్నదున్నట్టు గణించే దృక్ పద్ధతిలో అది ఏడు పెరిగి, పది తగ్గుతుంది. ఈ తేడాకు కారణం సూర్యుడు కక్ష్యను పక్కకు జరిపే ఆ చిన్న పనే. పాత గణితంలో అది చాలావరకు చేరలేదు. మంజులాచార్యుడు 932 నాటి లఘుమానసంలో ఆ సవరణ చేర్చాడు కానీ పంచాంగ గణితంలో అందరూ దాన్ని అందుకోలేదు. పాత గణితం పున్నమికీ అమావాస్యకీ చంద్రుడి స్థానాన్ని దగ్గరగానే పట్టుకునేది, గ్రహణాలు సరిపోయేవి. అష్టమి ప్రాంతంలో తేడా పెరిగేది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పంతొమ్మిదో శతాబ్దంలోనే దృగ్గణితం వైపు గట్టిగా నిలబడి ఆ పద్ధతిలో పంచాంగం తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం కూడా అదే దారిని సిఫారసు చేసింది. తెలుగు నేల మీద రెండు పద్ధతుల పంచాంగాలూ నేటికీ నడుస్తున్నాయి. ఏ పండగ ఎప్పుడన్న తగువు సిద్ధాంతులకు వదిలేద్దాం. చంద్రుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆకాశంలోనే ఉంది, అది దృక్ పద్ధతితోనే కలుస్తుంది.

సూర్యుడి మీద కొలత

బింబంలో తేడాను లెక్కలేవీ లేకుండా కళ్లెదుట పెట్టేది సూర్యగ్రహణం ఒక్కటే. సూర్యబింబం దాదాపు 32 కళలు. చంద్రుడు దగ్గరగా ఉంటే దాన్ని పూర్తిగా కప్పేస్తాడు. దూరంగా ఉంటే కప్పలేక, చుట్టూ వెలుగు కంకణం మిగులుతుంది.

1868 ఆగస్టు 18న దగ్గరి చంద్రుడు సూర్యుణ్ణి కప్పాడు. నీడ తెలుగు నేల మీదుగా సాగింది. వనపర్తిలో రఘునాథాచారి, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్, గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్, బ్రిటిష్ బృందంతో టెనెంట్ దాన్ని పరిశీలించారు. గుంటూరులో అయిదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటైంది. సియాం (నేటి థాయ్‌లాండ్) సముద్రతీరంలో అది ఆరున్నర నిమిషాలు దాటింది. సంపూర్ణ గ్రహణాలు చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతాయి. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూడటానికి ఆ నిమిషాలే జాన్సెన్‌కు అక్కరకొచ్చాయి. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన పసుపు గీత తర్వాత హీలియం అనే కొత్త మూలకానిదని తేలింది. చంద్రుడు ఆ రోజు దూరపు కొసన ఉండి ఉంటే గుంటూరు మీద కంకణం కనిపించేది, జ్వాలలు ఆ వెలుగులో మునిగిపోయేవి.

దీనికి ఎదురు ఉదాహరణ 2010 జనవరి 15. సంక్రాంతి పండగ రోజులు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కనుక సూర్యబింబం పెద్దది. చంద్రుడేమో దూరపు కొసకు చేరువలో ఉన్నాడు. హిందూ మహాసముద్రం మీద కంకణం 11 నిమిషాల 8 సెకన్లు నిలిచింది. మన దేశంలో రామేశ్వరం, కన్యాకుమారి ఆ దారిలో పడ్డాయి. నంద్యాల, కర్నూలు ప్రాంతాలకు పాక్షిక గ్రహణం దక్కింది.

చంద్రగ్రహణాల్లో కూడా ఇదే ఆట నడుస్తుంది. 2018లో రెండు సంపూర్ణ చంద్రగ్రహణాలు మనకు కనిపించాయి. జనవరి 31, మాఘ పౌర్ణమి నాటి చంద్రుడు దగ్గరివాడు, సంపూర్ణ దశ 76 నిమిషాలు. జులై 27, వ్యాస పౌర్ణమి నాటి చంద్రుడు దూరపువాడు, మందగామి, 103 నిమిషాలు నీడలో ఉండిపోయాడు. ఈ శతాబ్దంలో అంతకన్నా నిడివైన చంద్రగ్రహణం లేదు. నీడ నడిమి గుండా పోవడం కూడా దానికి కలిసొచ్చింది.

కార్తీకానికి మళ్లీ మళ్లీ

2024లో అన్నిటికన్నా దగ్గరి పున్నమి ఆశ్వయుజంలో వచ్చింది, అక్టోబర్ 17న. 2025లో కార్తీకంలో. 2026లో మార్గశిరంలో, డిసెంబర్ 24 ఉదయం ఏడు గంటల వేళ పూర్తయ్యే పున్నమి. ఇలా నెల చొప్పున, అప్పుడప్పుడు రెండేసి నెలలు జరుగుతూ, మందోచ్చ ఒక చుట్టు తిరిగే తొమ్మిదేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. 2016 నవంబర్ 14 కూడా కార్తీక పౌర్ణమే. ఆ రాత్రి చంద్రుడు 3,56,500 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, 1948 తర్వాత అంత దగ్గరి పున్నమి లేదు. దాన్ని దాటబోయేది 2034 నవంబర్ 25 రాత్రి. అదీ కార్తీక పౌర్ణమే. 2016కూ 2034కూ మధ్య సుమారు 18 ఏళ్ల 11 రోజులు, గ్రహణాలు తిరిగివచ్చే ఆవర్తం కూడా అదే.

ఈ తేడాను సొంతంగా కొలవడానికి దూరదర్శిని అక్కర్లేదు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ క్రిస్కియునాస్ 2010లో అచ్చైన తన పరిశోధన వ్యాసంలో, అట్టముక్కకు ఆరు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాన్ని గజంబద్ద మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ ఆ రంధ్రంలో చంద్రుడు సరిగ్గా ఇమిడే చోటు గుర్తించి, చంద్రుడి కక్ష్య వృత్తం నుంచి ఎంత తప్పిందో లెక్కగట్టాడు. అసలు సగటు విలువ 0.055, ఆయనకు వచ్చింది 0.039. గజంబద్దతో అది గొప్ప ఫలితమే. శిరివెళ్ల బడిపిల్లలు కూడా దీన్ని చేయవచ్చు. ఆరు మిల్లీమీటర్ల రంధ్రమైతే దగ్గరి చంద్రుడు కంటికి 62 సెంటీమీటర్ల దూరంలో, దూరపు చంద్రుడు 70 సెంటీమీటర్ల దూరంలో రంధ్రాన్ని నింపుతాడు. ఒక్కసారి చూసి రాసుకుంటే చేయి వణుకులో తేడా పోతుంది. అయిదారుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. చంద్రుడు బాగా పైకొచ్చాక కొలవాలి, రెండుసార్లూ ఒకే కన్నుతో.

2026 మే 31, అధిక జ్యేష్ఠ పౌర్ణమి చంద్రుడు 4,06,000 కిలోమీటర్ల అవతల ఉంటాడు. డిసెంబర్ 23 రాత్రి చంద్రుడు 3,57,000 దరిదాపుల్లోకి వస్తాడు. రెండు రాత్రులూ కొలిచి, బద్ద మీది పెద్ద దూరాన్ని చిన్న దూరంతో భాగిస్తే 1.1 దాటాలి. తర్వాత ఆ రెండు పున్నముల చుట్టూ ఉన్న తిథుల నిడివిని పంచాంగంలో చూసుకుని, మేలో ఎన్ని గంటలు, డిసెంబర్‌లో ఎన్ని గంటలు అన్నది ఆ పక్కనే రాసుకోవాలి.